గొమ్ అంటే బాగు

రోహింగ్యాల బోలీలో 'గొమ్' అంటే బాగు. మన ఉర్దూ చెవికి అది 'గమ్' అని వినిపిస్తుంది. అంటే సరిగ్గా ఉల్టా అర్థం. బాలాపూర్ వైపు వాళ్ళ బస్తీలో ఒకసారి మెడికల్ క్యాంపు పెట్టారట. చంకలో పిల్లతో వచ్చిన ఒకామెను ఎలా ఉన్నావని డాక్టర్ సాబ్ ఉర్దూలో అడిగితే ఆమె "గొమ్, గొమ్" అని తలూపింది. ఆయన దిల్ కరిగిపోయి, "బహుత్ గమ్ హై బేచారీ కో" అని నిద్ర గోలీలు రాసిచ్చాడు. ఆమె చూపించడానికి వచ్చింది పిల్ల దగ్గు. ఈ కిస్సాను ఆ బస్తీలో పిల్లలు ఇప్పటికీ యాక్షన్ చేసి చూపిస్తారు.

నాకు ఇది చెప్పిన సోషల్ వర్కర్ తానూ నవ్వింది. నవ్వు ఆగకముందే ఇంకో మాట అంది. "నిజంగ గమ్ ఉన్నోళ్ళు గా దినం తలనొప్పి అని చెప్పి పోయిన్రు అన్నా. వాళ్ళకు నొప్పి గోలీ ఇచ్చిన్రు."

ఇది రాస్తున్నది ఆ తలనొప్పి గురించే.

నాది ఖానాపూర్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి నిర్మల్ జిల్లా. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు, కొలువు తెలుగు పేపర్లో. ఇంట్లో దక్కనీ. అందుకని బ్యాంకులోనైనా, తహసీల్ ఆఫీసులోనైనా "జర తర్జుమా కర్‌దే బాబా" అని నన్ను కూర్చోబెట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటే. తర్జుమా అంటే ఈ మాట తీసి ఆ మాట పెట్టడం కాదని నాకు అట్లా తెలుసు. ఠాణాలో ఒక ముసలాయన చెప్పింది మీరు ఎస్సై సాబ్‌కు ఎట్లా చెప్తారన్న దాన్ని బట్టి ఆ ముసలాయన రాత్రి ఇంటికి పోతాడా లేదా అన్నది తేలుతుంది.

2017లో బక్రీద్ సెప్టెంబర్ 2న వచ్చింది. దానికి వారం ముందు, ఆగస్టు 25 నుంచి, రఖైన్‌లో బర్మా ఫౌజ్ ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టడం మొదలుపెట్టింది. కొన్ని నెలల్లోనే ఏడు లక్షల పైచిలుకు మనుషులు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. ఫోన్లలో వీడియోలు తిరుగుతున్న రోజులు. మా ఖానాపూర్‌లో జుమ్మా నమాజ్ తర్వాత రుమాలు పరిచారు. కూలికి పోయేవాళ్ళు కూడా యాభై, వంద వేశారు. బియ్యం, దుప్పట్లు, ఇంట్లో వాడని బుర్ఖాలు వచ్చాయి. అన్నీ ఒక డీసీఎంలో హైదరాబాద్ పంపించాం. మన కౌమ్ ఈ విషయంలో దిల్‌దార్. ఎవరేమన్నా ఆ మాట నేను ఒప్పుకుంటాను.

కానీ గమనించండి, మన మదద్ ఎప్పుడూ మూట రూపంలోనే ఉంటుంది. రేషన్ కిట్, దుప్పటి, బోరు, రంజాన్‌లో ఇఫ్తార్. దీనికి కంజూసీ కారణం కాదు. నాకు అర్థమైనంతలో సగం కారణం జకాత్ మసాయిల్‌లో ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అదా కావాలంటే తమ్లీక్ జరగాలి, అంటే ఆ మాల్‌కు ముస్తహిక్‌ను మాలిక్ చేయాలి. బియ్యం మూట చేతిలో పెడితే తమ్లీక్ అయిపోయింది. ఒక కౌన్సిలర్‌కు జీతం ఇస్తే? తర్జుమా చేసే ఆడమనిషికి ఫీజు ఇస్తే? అది ఎవరి చేతిలో పడ్డట్టు? ఉజ్రత్ కింద జకాత్ ఇవ్వడం కుదరదని ఉలమా అంటారు. సద్కా, అతియా నుంచి ఇవ్వొచ్చు. కానీ మన దగ్గర పెద్ద మొత్తం కదిలేది జకాత్‌లోనే. అట్లా మూట కట్టగలిగిన దుఃఖానికి పైసలు దొరుకుతాయి, మూట కట్టలేనిది తలనొప్పి అయి మిగిలిపోతుంది.

ఈ మనుషులు ఎవరో రెండు ముక్కలు. రఖైన్ పాత పేరు అరకాన్. అక్కడ రోహింగ్యాలు తరతరాలుగా ఉన్నారు. 1982లో వచ్చిన షహరియత్ కానూన్ వాళ్ళను గుర్తించిన జాతుల జాబితాలో పెట్టలేదు. ఉన్న ఊళ్ళోనే పరాయివాళ్ళయ్యారు. పక్క ఊరికి పోవాలంటే పర్మిట్, నికాహ్‌కు ఇజాజత్, ఫౌజ్ పిలిస్తే బేగార్. 1978లో ఒకసారి, 1991-92లో ఇంకోసారి లక్షల్లో బంగ్లాదేశ్‌కు తరిమారు. 2012 కలహాల తర్వాత కొందరు కలకత్తా మీదుగా రైళ్ళలో ఇటు వచ్చారు. బాలాపూర్, షాహీన్ నగర్, హాఫిజ్ బాబా నగర్, కిషన్ బాగ్ వైపు చేరారు. హైదరాబాద్‌లో ఆరు వేల మంది దాకా ఉన్నారని పేపర్లు రాస్తూ వచ్చాయి. ఖాళీ ప్లాట్లలో బొంగులు, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీలతో కట్టిన గుడిసెలు. ఫ్లెక్సీ మీద నవ్వే లీడర్ మొహం లోపలి గోడ అవుతుంది. మగవాళ్ళు ఎక్కువగా కబాడీ ఏరతారు, అడ్డా కూలికి పోతారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యు.ఎన్.హెచ్.సి.ఆర్., ఇచ్చిన కార్డే వాళ్ళ షనాఖ్త్. పాత బస్తీ మత కలహాల నేపథ్యంలో 1990లలో పుట్టిన కోవా లాంటి సంస్థలు యు.ఎన్.హెచ్.సి.ఆర్.తో కలిసి వాళ్ళ మధ్య పనిచేశాయి. పిల్లల దాఖలాలు, ఆసుపత్రులు, కార్డుల పని చూశాయి.

వాళ్ళ బోలీ ఉర్దూ కాదు. చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గర. మదర్సాలో చదివిన మగవాళ్ళకు ఉర్దూ వస్తుంది. ఆడవాళ్ళలో చాలామందికి రాదు, ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది కిరానా దుకాణం ఉర్దూ. ముసల్మాన్ అయితే ఉర్దూ వస్తుందని మనకు ఒక ధీమా ఉంటుంది. తెలుగు ముసల్మానులం మనం కూడా అట్లా అనుకుంటే ఎట్లా? గుంటూరు దూదేకులాయనను నఖ్వీ సాబ్ ఉర్దూలో అదరగొట్టినప్పుడు మనకెట్లా ఉంటుందో తెలియదా? ఇక్కడ నాకు ఒక విషయం భలే అనిపించింది. దిగులుకు వాళ్ళ మాట 'చింత'. 'చింత లాగేర్' అంటారు. మనసు నెమ్మదిగా లేకపోతే 'అశాంతి లాగేర్'. ఈ రెండూ మన తెలుగింట్లో తిరిగే మాటలే. జుల్మ్‌కు మాత్రం జులుమ్ అనే అంటారు. దానికి తర్జుమా అవసరం పడలేదు.

ఆ సోషల్ వర్కర్‌ది జగిత్యాల వైపు. ఎం.ఎస్.డబ్ల్యూ. చేసింది. ముసల్మాన్ కాదు. ఫీల్డ్‌లో నేర్చుకున్న దక్కనీతో బండి నడిపిస్తుంది, స్త్రీలింగం పుంలింగం ఒకటే చేసి మాట్లాడుతుంది. అందరూ ఆమెను ఆపా అంటారు, ఆమె కూడా ముసలీ ముతకా అందరినీ ఆపా అంటుంది. నేను పేపర్ పని మీద మొదటిసారి పోయినప్పుడు బస్తీ మొదట్లోనే ఆపి షరతు పెట్టింది. "అన్నా, ఏమైంది అని అడుగకు. ఏం తిన్నవ్, పిల్లలు బడికి పోతున్నరా, గియ్యి అడుగు. చెప్పాలనుకుంటే వాళ్ళే చెప్తరు."

జర్నలిస్టుకు 'ఏమైంది' అని అడగొద్దంటే కసాయిని కత్తి బయట పెట్టి రమ్మన్నట్టే. కానీ ఆమె చెప్పిన కారణం విన్నాక మళ్ళీ ఏమీ అనలేదు. 1984 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం టార్చర్‌కు ఇచ్చిన తారీఫ్‌లో చెప్పే మక్సద్‌లలో మొదటిదే మనిషి నుంచి ఖబర్ రాబట్టడం, ఇక్బాల్ చేయించడం. శిక్ష, బెదిరింపు, ఏ రకమైన వివక్షైనా తర్వాత వస్తాయి. అంటే అక్కడ లాఠీ ఎంతో సవాల్ కూడా అంత ఔజారే. ఒక గదిలో కుర్చీ వేసి, ఎదురుగా కూర్చుని, కాగితం కలం పట్టుకుని "పేరేంటి, ఎక్కణ్ణించి వచ్చావ్, ఆ రాత్రి ఏం జరిగింది" అని అడిగితే ఆ మనిషి ఒళ్ళు గుర్తుపట్టేది మన హమ్దర్దీని కాదు, ఆ గదిని. పారిపోయి వచ్చిన మనిషిని ఎంతమంది అడుగుతారో లెక్క వేయండి. కార్డు కోసం అడుగుతారు, పోలీస్ వెరిఫికేషన్‌లో అడుగుతారు, మదద్ తెచ్చిన తంజీమ్ వాళ్ళు ఫోటో తీస్తూ అడుగుతారు. చివరికి మేం వస్తాం. ప్రతివాడూ బయాన్ రాసుకుని తీసుకుపోతాడు. చెప్పిన మనిషి చేతిలో మిగిలేది ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం.

ఆ బస్తీలో ఒకాయన ఉన్నాడు. ఊరు పేరు వద్దు. నలభై దాటాయి. అందరూ తెల్లారగానే బండ్లు తోసుకుని కబాడీకి పోతే ఈయన గుడిసె ముందు కూర్చునేవాడు. బస్తీ పెట్టిన పేరు కామ్‌చోర్. భార్య నాలుగిళ్ళలో పాచిపని చేసి తెచ్చేది. జిన్నాత్ సాయా ఉందని ఒక ఆమిల్ దమ్ చేసి తావీజ్ కట్టాడు. మస్జిద్‌లో మౌజన్ సాబ్ ఒకటి గమనించాడు. వజూలో ఈయన కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటాడు గానీ అరికాళ్ళు చేత్తో రుద్దడు. మొహం బిగబట్టి చేయి తీసేస్తాడు. మౌజన్ సాబ్ ఆ సంగతి ఆపా చెవిన వేశాడు. ఆమెకు సగం అర్థమైంది. చుట్టం ఇంటికి పర్మిట్ లేకుండా పోయినందుకు సరిహద్దు బలగాల చౌకీలో పెట్టి అరికాళ్ళ మీద కొట్టారు, రోజుల తరబడి. పైకి నిషాన్ ఏమీ ఉండదు. లోపల మడమ కింద మెత్త చితికిపోతుంది, నడిస్తే పిక్కల దాకా మంట. ప్రపంచంలో చాలా ఠాణాలకు ఈ పద్ధతి తెలుసు. మన తెలంగాణ ఠాణాలకు తెలియదని నేనైతే కసమ్ తినను.

ఆయనకు దొరికిన ఇలాజ్ ఏమిటో వింటే మీకు చిన్నగా అనిపిస్తుంది. మడమ కింద మెత్త పెట్టిన బూట్లు, ఫిజియోథెరపీలో నేర్పిన కొన్ని కస్రత్‌లు, కూర్చుని చేసే పని. కబాడీ గోదాంలో సామాను వేరు చేసే పని ఇప్పించారు. ఇంకొకటి, నాకు దీని విలువే ఎక్కువ అనిపించింది. ఆపా ఆయన భార్యను, బావమరదిని కూర్చోబెట్టి, ఈయన బద్ధకస్తుడు కాదు, కాళ్ళకు దెబ్బ ఉంది అని డాక్టర్ నోటితో చెప్పించింది. దెబ్బ ఎట్లా తగిలిందో చెప్పలేదు. అది ఆయన అమానత్. తావీజ్ తీసేయమని కూడా అనలేదు. నేను అడిగితే, "ఉండనియ్ అన్నా, బూట్లకు తావీజ్ అడ్డం రాదు కదా" అంది.

టార్చర్ బాధితుల ఇలాజ్ ఒక ఇల్మ్‌గా పెరిగి ఎక్కువ కాలం కాలేదు. డెన్మార్క్‌లో ఇంగె గెనెఫ్కే అనే డాక్టరమ్మ 1982లో కోపెన్‌హాగన్‌లో దీనికోసమే ఒక మర్కజ్ పెట్టింది. ఒంటి మీది, మనసు మీది నిషాన్లను అదాలత్‌లో నిలబడేలా ఎట్లా నమోదు చేయాలో చెప్పే కితాబ్ 1999లో తయారైంది. దాన్ని ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం చిలీ సంగతి. 1970లలో అక్కడ ఫౌజీ హుకూమత్ జుల్మ్ చేస్తుంటే, ఇద్దరు సైకాలజిస్టులు బాధితుల చేత వాళ్ళ కథ చెప్పించి రాయడం మొదలుపెట్టారు. రాసి తీసుకుపోలేదు. తిరిగి చదివి వినిపించారు. తప్పులు దిద్దించారు. ఆ కాగితం చెప్పినవాళ్ళకే ఇచ్చేశారు. మన దేశంలో బనారస్‌లోని పి.వి.సి.హెచ్.ఆర్. అనే మానవ హక్కుల సంస్థ డెన్మార్క్ వాళ్ళతో కలిసి 2008 ప్రాంతం నుంచి ఈ పద్ధతిలో పనిచేసింది. ఠాణాలో దెబ్బలు తిన్న దళితులు, ముసల్మానుల బయాన్లు రాసి, ఊరి మధ్యలో చదివి, ఇజ్జత్‌తో శాలువా కప్పి వాళ్ళ చేతికే ఇచ్చారు.

ఠాణాలో రాసిన బయాన్ కింద వేలిముద్ర వేసేటప్పుడు అందులో ఏముందో మనకు తెలియదు. ఇక్కడ ప్రతి సతర్ మీద చెప్పినవాళ్ళకు హక్ ఉంటుంది. బస్తీలో ఆపా దీన్నే తన పద్ధతిలో చేస్తుంది. శాలువాలు అవీ లేవు.

ఒకామె విషయంలో నేనున్నాను. ఉర్దూలో సాఫ్‌గా రాసి పెట్టడానికి నన్ను పిలిచారు. అంతకుముందు ఆమెకు తర్జుమాన్‌గా ఒక కుర్రాడు ఉండేవాడు, మదర్సాలో చదివినవాడు, పంతొమ్మిదేళ్ళు. ఆమె వాడి ముందు తలనొప్పి తప్ప ఇంకోటి చెప్పలేదు. చెప్పదు కూడా. వాడిది పక్క ఊరు, రేపు వాడి అమ్మీతో నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడాలి. వాడి సంగతి కూడా చూడండి. రోజుకు ముగ్గురు నలుగురి జుల్మ్ కథలు వాడి నోటితో 'నేను' అని చెప్పాలి. నన్ను కొట్టారు, నా తమ్ముణ్ణి నరికారు, అని. తర్జుమా అట్లాగే చేస్తారు కదా. ఆరు నెలలకు వాడికే రాత్రిళ్ళు కేకలు మొదలయ్యాయి. తర్వాత ఆపా ఇద్దరు రోహింగ్యా ఆడవాళ్ళకు తర్ఫీదు ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, సొంతంగా కలపొద్దు, విన్నది గుడిసె దాటొద్దు, వారానికి ఒకసారి తమ భారం తాము ఆపా దగ్గర దించుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకామె కూర్చున్నాక తలనొప్పి పోయి మాట వచ్చింది.

నాలుగు బైఠక్‌లు పట్టింది. నేను చివరి రెండిట్లో పరదా ఇవతల కూర్చుని తర్జుమాన్ ఉర్దూలో చెప్పింది రాశాను. ఇక చదివి వినిపించాలి. మొదటి వాక్యం, రిపోర్టర్ కలం కదా, ఫౌజ్ వచ్చిన రాత్రితో మొదలైంది. పరదా అవతల నుంచి "నక్కో" అని వినిపించింది. దక్కనీ నేర్చిందన్నమాట. అట్లా కాదట. ముందు ఇల్లు రాయాలట. ఇంటి ముందు పోకచెట్లు పదకొండు ఉండేవి, రెండు వాళ్ళ నానా నాటినవి, తొమ్మిది ఆమె పెళ్ళయ్యాక భర్త నాటినవి. పోక అమ్మిన పైసలతో ముక్కుపుడక చేయించాడు. అవన్నీ అయ్యాకే ఆ రాత్రి రావాలి. తర్వాత ఒక వాక్యం తీసేయమంది. అది ఏమిటో ఇక్కడ రాయను. తీసేస్తే కేసుకు బలం తగ్గుతుందేమో అని తర్జుమాన్ అడిగింది. ఆపా ఏమీ అనలేదు, నా వైపు చూసి కొట్టేయమని సైగ చేసింది. కొట్టేశాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి, యు.ఎన్. కార్డు, పిల్ల టీకాల కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

తలనొప్పి పోయిందా అంటే పోలేదు, తగ్గింది. నిద్ర పడుతోందట, నాలుగైదు గంటలు. దీన్ని ముఅజ్జిజాగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇదంతా పరాయి దేశం వాళ్ళ సంగతి అనుకోకండి. 2007 మే 18, జుమ్మా నాడు మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు షహీద్ అయ్యారు. ఆగస్టు 25న లుంబినీ పార్క్, గోకుల్ చాట్‌లో పేలుళ్ళు జరిగాయి, నలభై రెండు ప్రాణాలు పోయాయి. ఆ నెలల్లో మన నౌజవాన్లను పదుల సంఖ్యలో ఎత్తుకుపోయారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ తరఫున అడ్వకేట్ ఎల్. రవిచందర్ వాళ్ళను కలిసి, ఒళ్ళ మీద నిషాన్లు చూసి, హింస జరిగిందని రిపోర్టు ఇచ్చాడు. కేసుల నుంచి బరీ అయ్యారు. 2012లో ప్రభుత్వం డెబ్బై మందికి డెబ్బై లక్షలు ఇచ్చింది, ఇరవై మందికి మూడేసి లక్షలు, యాభై మందికి ఇరవయ్యేసి వేలు. దాంతోపాటు మంచివాళ్ళే అని క్యారెక్టర్ సర్టిఫికెట్. కరెంటు షాక్ తిన్నవాడికి నడవడి సర్టిఫికెట్! 2013లో హైకోర్టు ఆ ముఆవజా జీవోను కొట్టేసింది.

వాళ్ళ కోసం మన కౌమ్ వకీళ్ళను పెట్టింది, జల్సాలు చేసింది. షాబాష్ అనాల్సిందే. కానీ రాత్రి ఎట్లా పడుకుంటున్నావ్ బేటా అని అడిగే మనిషిని ఎవరైనా ఆ ఇళ్ళకు పంపారా? అప్పట్లో లోపలికి పోయి వచ్చిన ఒకాయన నాకు తెలుసు. దుకాణం పెట్టుకున్నాడు, పెళ్ళయింది, పిల్లలున్నారు. రాత్రి దుకాణం షట్టర్ దించడు, తమ్ముడు దించుతాడు. ఆ చప్పుడు వినకుండా ఆయన ముందే గల్లీ చివరి దాకా నడిచి పోతాడు. మన దగ్గర దీనికి రెండే దారులున్నాయి, 'సబర్ కరో' లేదంటే ఎర్రగడ్డ. నడుమ ఏమీ లేదు. సబర్ పెద్ద మాట, నేను దాన్ని తక్కువ చేయను. కానీ సబర్ చేయమని చెప్పేవాడికి అది సులువు.

మా దాదీది నాందేడ్ వైపు ఊరు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయినప్పుడు ఒక అన్నతో, నెత్తిన గఠ్డీతో నిర్మల్ మీదుగా ఖానాపూర్ వచ్చింది, ఎవరో దూరపు చుట్టం ఉన్నాడని. అంతకుముందు రజాకార్లు ఊళ్ళల్లో చేసిన జుల్మ్ ఉంది, దాన్ని దాచి ఈ కథ చెప్పడం బేఇమానీ. ఆ తర్వాత ఆ కసి ఎవరి మీద తీరిందో పండిత్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి రాసింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ప్రాణాలు పోయాయని ఆ కమిటీ అంచనా. ఎక్కువ దెబ్బ తిన్న నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. మా దాదీ బయాన్ అసలు రాలేదు. ఆమె చనిపోయే దాకా చెప్పులు తలగడ పక్కన పెట్టుకునే పడుకునేది. ఆడపిల్లలు బావి దగ్గరికి పోతే కనిపించేంత దాకా వాకిట్లో నిలబడేది, బావి దగ్గరికే కాపలా వచ్చేది. మేం ఆమెను చాందస్తం అనుకునేవాళ్ళం. ఆమెకు తలనొప్పి ఉండేది, జండూ బామ్ సీసా ఎప్పుడూ కొంగున కట్టుకునేది. మా ఇంట్లో దాని పేరు 'దాదీ కా సర్ దర్ద్'. డబ్బై ఏళ్ళ తర్వాత బాలాపూర్‌లో ఆ పేరు ఇంకో నోట విన్నాను.

ఇక కానూన్. శరణార్థుల గురించి 1951 నాటి ఒప్పందం మీద మన దేశం దస్తఖత్ చేయలేదు. టార్చర్ వ్యతిరేక ఒప్పందం మీద 1997లో చేసింది గానీ ఇప్పటి దాకా ఖరారు చేయలేదు. 2010లో ఒక బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ రిపోర్టులో కానూన్ చేయమని మళ్ళీ చెప్పింది. యు.ఎన్. కార్డును సర్కార్ లెక్కలోకి తీసుకోదు. 2018 అక్టోబర్‌లో ఏడుగురు రోహింగ్యాలను అస్సాం నుంచి బర్మాకు అప్పగించారు. ఆ వార్త వచ్చిన రోజు బాలాపూర్‌లో పనులకు పోయినవాళ్ళు తక్కువ. మనసు ఇలాజ్‌కు మొదటి దవా భద్రత అని ఆపా చదివిన పుస్తకాల్లో ఉంటుందట. రేపు లారీ ఎక్కిస్తారేమో అన్న మనిషికి ఏ కౌన్సిలింగ్ ఎంత పనిచేస్తుంది? ఆపాను ఈ సవాల్ అడిగితే ఆమె నా మీద కసురుకుంది. "అయితె ఏం చెయ్యమంటవ్ అన్నా? కానూన్ వచ్చేదాక ఆమెను నిద్రపోవద్దు అనాల్నా?"

2025లో అమెరికా పైసలు తగ్గించాక యు.ఎన్.హెచ్.సి.ఆర్. దఫ్తర్లలో ప్రపంచమంతటా నౌకరీలు పోయాయి. ఇట్లాంటి కోతలు పడ్డప్పుడు బియ్యం కన్నా ముందు పోయేది తర్జుమానే. బియ్యం లేకపోతే మనిషి కనపడతాడు.

పోయిన రంజాన్‌కు ముందు ఖానాపూర్ నుంచి మా చాచా ఫోన్ చేశాడు, ఈసారి ఎన్ని కిట్లు పంపాలని. కిట్లు సరే, జకాత్ అందులో పెట్టండి, అతియా పైసలు వేరే పెట్టి ఇద్దరు ఆడవాళ్ళ తర్జుమా ఫీజు కట్టండి అన్నాను. "తర్జుమాకు పైసలేంది రా, నువ్వు ఎన్నడన్న తీసుకున్నవా?" అన్నాడు. చెప్పాను, ఇక్కడ మీకు చెప్పినదంతా కాదు గానీ కొంత చెప్పాను. దాదీ జండూ బామ్ సంగతి చెప్పాను. కాసేపు లైన్లో ఏమీ వినపడలేదు. తర్వాత, "రసీదుల ఏమని రాయాలె?" అని అడిగాడు. మూడు నెలల ఫీజు వచ్చింది. రసీదు ఫోటో పంపాడు, ఆయన ఉర్దూ చేతిరాతలో 'తర్జుమా కే వాస్తే' అని ఉంది. నాలుగో నెల ఎవరు కడతారో ఇంకా మాట్లాడుకుంటున్నాం.